కప్పు గెలిస్తే కాఫీ కప్పులు

మా వంటింట్లో మినప్పప్పు పోసుకునే స్టీలు డబ్బా ఒకటుంది. మూత మీద నా పుట్టింటి ఇంటిపేరుతో నా పేరు, దాని కింద ‘టెన్నికాయిట్ – ప్రథమ బహుమతి’ అని చుక్కల అక్షరాలు ఉంటాయి. డిగ్రీ రెండో ఏడు కాలేజీ వార్షికోత్సవంలో ఇచ్చారు. అదే వేదిక మీద మగపిల్లల వాలీబాల్ జట్టుకి పెద్ద షీల్డు ఇచ్చారు. ఆ షీల్డు ప్రిన్సిపాల్ గారి గదిలో అద్దాల బీరువాలోకి వెళ్ళింది. నా డబ్బా మా అమ్మ వంటింట్లోకి, అక్కణ్ణుంచి నా కాపురం సామానుతో ఇక్కడికీ వచ్చింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. మా అమ్మయితే “పనికొచ్చే వస్తువు ఇచ్చారు” అని మురిసిపోయింది కూడా.

ఈ డబ్బా సంగతి ఇప్పుడెందుకంటే, మా అమ్మాయి బడిలో ఫుట్‌బాల్ ఆడుతుంది. ఇప్పుడు పదో తరగతి. ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: “ఇంకా ఆటలేమిటమ్మా దానికి? మొహం ఎలా నల్లబడిందో చూడు.” మా అత్తయ్యగారు పైకి ఏమీ అనరు గానీ పిల్ల మోకాలి మీద దెబ్బ కనిపించినప్పుడల్లా నావైపు ఓ చూపు చూస్తారు. మావారు ఎటూ తేల్చరు. 2023లో మహిళల ప్రపంచ కప్ జరుగుతున్నప్పుడు పిల్ల పక్కన కూర్చుని నేనూ చూడ్డం మొదలుపెట్టాను. తర్వాత ఆ కప్పు చరిత్ర చదువుతూ పోతే ఒకచోట ఆగిపోయాను.

1989లో పశ్చిమ జర్మనీ ఆడవాళ్ళ జట్టు యూరప్ విజేత అయింది. సెమీఫైనల్లో ఇటలీ మీద గోల్‌కీపర్ మారియన్ ఇస్‌బర్ట్ మూడు పెనాల్టీలు ఆపి, గెలిపించిన పెనాల్టీ కూడా తానే కొట్టింది. ఫైనల్లో నార్వేని 4–1తో ఓడించారు. అంత గెలుపు గెలిచినందుకు వాళ్ళ దేశ ఫుట్‌బాల్ సంఘం ఆ అమ్మాయిలకి ఏమిచ్చిందో తెలుసా అండీ? తలా ఒక పింగాణీ కాఫీ సెట్టు. పువ్వుల డిజైనుది. కప్పు గెలిస్తే కాఫీ కప్పులిచ్చారన్నమాట! చదవగానే నవ్వొచ్చింది. లేచి వంటింట్లోకి వెళ్ళి నా డబ్బా ఒకసారి చూసుకుని వచ్చాను.

ఆ సెట్టు ఇచ్చిన సంఘమే 1955లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌ని నిషేధించింది. ఏ క్లబ్బూ వాళ్ళకి మైదానం ఇవ్వకూడదు. ఈ ఆట ఆడితే ఆడవాళ్ళ సొగసు పోతుందని, ఒంటికీ మనసుకీ హాని జరుగుతుందని వాళ్ళు చెప్పిన కారణాలు. 1970లో నిషేధం ఎత్తేశారు గానీ, ఆట 70 నిమిషాలే ఆడాలన్నారు. బంతి చిన్నదిగా, తేలికగా ఉండాలి. అడుగున మేకులున్న బూట్లు వేసుకోకూడదు. చలికాలం ఆరు నెలలూ ఆడకూడదు. పచ్చి బాలింతకి పెట్టే పథ్యంలా లేదూ?

ఆడవాళ్ళు ఫుట్‌బాల్‌కి కొత్తగా వచ్చారు, అందుకే వాళ్ళ కప్పు ఆలస్యమైంది అని నేనూ అనుకునేదాన్ని. అది నిజం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే వాళ్ళు ఆడుతున్నారు. ఇంగ్లండ్‌లో మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళు మందుగుండు ఫ్యాక్టరీల్లో పనికి చేరారు. ప్రెస్టన్ ఊళ్ళో డిక్ కెర్ అనే ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి అమ్మాయిలు పని మధ్య విరామంలో బంతి తన్నుతూ తన్నుతూ జట్టు కట్టారు. 1917 క్రిస్మస్ నాడు, గాయపడిన సైనికుల ఆసుపత్రి కోసం చందా మ్యాచ్ ఆడితే 10 వేలమంది వచ్చారు. మూడేళ్ళకి, 1920 డిసెంబరు 26న, లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో వాళ్ళ ఆట చూడ్డానికి 53 వేలమంది వచ్చారు. లోపల చోటు లేక గేటు బయట నిలబడిపోయినవాళ్ళు వేరే. బ్రిటన్‌లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి మళ్ళీ అంతకంటే ఎక్కువమంది రావడానికి 2012 లండన్ ఒలింపిక్స్ దాకా పట్టింది.

ఆ జట్టులో లిలీ పార్ అనే పిల్ల ఉండేది. 14 ఏళ్ళప్పుడే చేరింది. ఆరడుగులకి దగ్గర మనిషి, ఎడంకాలితో కొడితే గోల్‌కీపర్ కాచుకోవడం కష్టమట.

ఆ 53 వేలమంది వచ్చి ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం సమావేశమై, ఈ ఆట ఆడవాళ్ళకి తగినది కాదు, ప్రోత్సహించకూడదు అని తీర్మానం చేసింది. తన కింద ఉన్న క్లబ్బులేవీ వాళ్ళకి మైదానాలు ఇవ్వకూడదంది. చందాల లెక్కలు సరిగా లేవని కూడా ఒక మాట అంది. ఆట ఆడొద్దని నేరుగా అనలేదు చూడండి, ఆడుకునే చోటు తీసేసింది. మన ఇళ్ళల్లో జరిగేదీ ఇంతే కదా. “నిన్నెవరు ఆపారు?” అంటారు, సాయంత్రం ఆరు తర్వాత గుమ్మం దాటే వీలు మాత్రం ఉండదు. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది. లిలీ పార్ నర్సు ఉద్యోగం చేసుకుంటూ, ఎక్కడ ఖాళీ స్థలం దొరికితే అక్కడ ఆడుతూ గడిపింది. 2019లో మాంచెస్టర్‌లోని ఫుట్‌బాల్ మ్యూజియంలో ఆమె విగ్రహం పెట్టారు. ఆమె పోయింది 1978లో.

ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే బ్రెజిల్‌లో అయితే ఏకంగా ప్రభుత్వమే 1941లో చట్టం చేసింది. ఆడవారి స్వభావానికి సరిపడని ఆటలు వాళ్ళు ఆడరాదట. 1979 దాకా ఆ చట్టం ఉంది. పెలే మూడు ప్రపంచ కప్పులు గెలిచిన కాలమంతా ఆ దేశపు ఆడపిల్ల బంతి తన్నడం చట్టవిరుద్ధమే.

ఇన్ని నిషేధాల మధ్య, 1971లో మెక్సికోలో ఒక ముచ్చట జరిగింది. నాకు ఈ చరిత్రంతటిలో చాలా ఇష్టమైన ఘట్టం ఇదే. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా గుర్తింపు లేకుండా, ఒక మద్యం కంపెనీ డబ్బుతో, ఆరు దేశాల ఆడవాళ్ళ జట్లతో ప్రపంచ పోటీ పెట్టారు. మెక్సికో, అర్జెంటీనా, ఇంగ్లండ్, డెన్మార్క్, ఫ్రాన్స్, ఇటలీ. గోలు కర్రలకి గులాబీ, తెలుపు చారలు వేశారు. ఆడవాళ్ళ ఆటకి గులాబీ రంగు పూయకపోతే తోచదు కాబోలు! ఫిఫా అడ్డుపడినా, ప్రైవేటు వాళ్ళ చేతుల్లో ఉన్న రెండు పెద్ద స్టేడియాల్లో మ్యాచ్‌లు పెట్టేశారు. ఫైనల్ అజ్టెకా స్టేడియంలో. వచ్చిన జనం లక్షా పది వేల దాకా ఉంటారని అంచనా. డెన్మార్క్ 3–0తో మెక్సికోని ఓడించింది. మూడు గోల్సూ కొట్టింది సుసానే అగస్టెసన్ అనే 15 ఏళ్ళ పిల్ల. మా అమ్మాయి వయసు.

ఇంగ్లండ్ జట్టులో 13 ఏళ్ళ పిల్ల కూడా ఉంది. వాళ్ళు మెక్సికోలో దిగితే సినిమా తారల్లా చూశారు, ఆటోగ్రాఫుల కోసం ఎగబడ్డారు. ఇంటికెళ్ళాక అనుమతి లేని పోటీలో ఆడారని కొన్ని నెలలపాటు ఆటనుంచి వెలివేశారు. ఆ తర్వాత వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, ఉద్యోగాలు చేసుకుని, అంత జనం ముందు ఆడామన్న సంగతి ఎవరికీ పెద్దగా చెప్పుకోకుండా బతికారు. ఫిఫా లెక్కల్లో ఆ పోటీ ఈనాటికీ ప్రపంచ కప్ కాదు. 2023లో దాని మీద ఒక డాక్యుమెంటరీ వస్తే, తలలు నెరిసిన ఆ ఆడవాళ్ళంతా తెర మీద మళ్ళీ కనిపించారు.

మరో పదిహేనేళ్ళకి, అదే మెక్సికో నగరంలో, 1986 ఫిఫా మహాసభలో నార్వే ప్రతినిధి ఎలెన్ విలే లేచి నిలబడింది. అప్పటిదాకా ఆ సభలో ఒక ఆడమనిషి మాట్లాడింది లేదు. మీ పత్రాల్లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కి అర పేజీ కూడా లేదు, మాకూ ప్రపంచ కప్ కావాలి అని అడిగింది. ఫిఫా అధ్యక్షుడు హావెలాంజ్ సరేనన్నాడు. అయినా ఒకేసారి ఇవ్వలేదండోయ్. ముందు 1988లో చైనాలో 12 జట్లతో పరీక్షకని ఒక పోటీ పెట్టి చూశారు. నచ్చితే ముహూర్తం, లేకపోతే లేదు, పెళ్ళిచూపుల తంతులా. 1930లో మగవాళ్ళ ప్రపంచ కప్ 13 జట్లతో ఏ పరీక్షా లేకుండానే మొదలైంది మరి.

అలా 1991 నవంబరులో చైనాలో మొదటి పోటీ జరిగింది. దానికి ‘ప్రపంచ కప్’ అన్న పేరు పెట్టడానికి కూడా మనసొప్పలేదు. ఎం అండ్ ఎమ్స్ అనే చాక్లెట్ గోళీల పేరుతో పొడుగాటి పేరేదో పెట్టారు. అసలు పేరు తర్వాతెప్పుడో అంటించారు. ఆట 90 నిమిషాలు కాదు, 80 నిమిషాలే. అమెరికా జట్టు నాయకురాలు ఏప్రిల్ హైన్‌రిక్స్ దీన్ని వెక్కిరిస్తూ, 90 నిమిషాలు ఆడితే మా అండాశయాలు ఊడి పడతాయని వాళ్ళ భయం అంది. ఇది చదివి నేను ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. మా నాయనమ్మ మాటే! నేను అరుగు మీంచి దూకినప్పుడల్లా “ఆడపిల్ల అలా గెంతకూడదే, గర్భసంచి జారుతుంది” అనేది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. చదువుకోని మా నాయనమ్మకీ ప్రపంచ ఫుట్‌బాల్‌ని ఏలే కోటుల వాళ్ళకీ వైద్యశాస్త్రం ఒకటే అని నాకప్పుడే తెలిసింది.

ఫైనల్లో అమెరికా 2–1తో నార్వేని ఓడించింది. రెండు గోల్సూ మిషెల్ ఏకర్స్‌వే. గ్వాంగ్జౌ స్టేడియంలో 63 వేలమంది చూశారు. ఆ అమెరికా జట్టు 1985లో మొదలైనప్పుడు వాళ్ళకిచ్చినవి మగవాళ్ళ యూనిఫాములు. రాత్రి కూర్చుని వాళ్ళే వాటిని కత్తిరించి, కుట్టుకుని, దేశం పేరు అంటించుకుని ఆటకి దిగారట. 1995లో స్వీడన్‌లో నార్వే గెలిచింది. ఆట 90 నిమిషాలయింది. ఎవరి అండాశయాలూ ఎక్కడికీ పోలేదు.

1999 సంగతి వేరు. అమెరికాలో జరిగిన ఆ పోటీని పెద్ద పెద్ద స్టేడియాల్లో పెడుతున్నారంటే, నిండవని చాలామంది నవ్వారు. జులై 10న రోజ్ బౌల్ స్టేడియంలో ఫైనల్‌కి వచ్చినవాళ్ళు 90,185 మంది. అమెరికాకీ చైనాకీ 120 నిమిషాలు ఆడినా గోలు పడలేదు. చైనా అమ్మాయి తలతో కొట్టిన బంతి లోపలికి పోయేదే, క్రిస్టీన్ లిల్లీ గీత దగ్గర నిలబడి తలతోనే బయటికి నెట్టింది. పెనాల్టీల్లో 5–4. ఆఖరిది బ్రాండీ చాస్టెయిన్ కొట్టింది. ఆ జట్టులో నాకు అందరికంటే ఆశ్చర్యం కలిగించిన మనిషి జాయ్ ఫాసెట్. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. పిల్లల్ని వెంటబెట్టుకుని జట్టుతో ఊళ్ళు తిరిగేది. 1995, 1999, 2003 ప్రపంచ కప్పుల్లో తన జట్టు ఆడిన ప్రతి నిమిషమూ మైదానంలో ఉంది. 2003 నాటికి మూడో పాప కూడా పుట్టింది.

అప్పుడు నేను సరిగ్గా డిగ్రీ రెండో ఏట అడుగుపెట్టాను. పేపర్ల నిండా కార్గిల్ యుద్ధం. తొంభై వేలమంది ఆడవాళ్ళ ఆట చూడ్డానికి వచ్చారన్న వార్త ఏ మూలైనా పడిందేమో, నా కంట మాత్రం పడలేదు. పడి ఉంటే ఆ ఏడు వేదిక మీద డబ్బా అందుకున్నప్పుడు ఇంకేమైనా తోచేదేమో.

2003, 2007 రెండూ జర్మనీ గెలిచింది. కాఫీ సెట్టు జట్టు వారసులన్నమాట. 2007లో అయితే ఆరు మ్యాచ్‌ల్లోనూ వాళ్ళ మీద ఒక్క గోలూ పడలేదు. ఆ ఏడు ఫైనల్లో ఓడింది బ్రెజిల్. దాని తరఫున ఆడిన మార్తా, నిషేధం ఎత్తేసిన ఏడేళ్ళకి, 1986లో, అలగోవాస్ రాష్ట్రంలో ఒక బీద ఊళ్ళో పుట్టింది. తండ్రి వదిలేసి పోతే తల్లే కష్టపడి పెంచింది. ఊళ్ళో ఆడపిల్లల జట్టు లేక మగపిల్లలతో ఆడుతూ ఎదిగింది. 2019లో ఆమె ప్రపంచ కప్పుల్లో తన 17వ గోలు కొట్టింది. మగవాళ్ళలో అప్పటికున్న రికార్డు 16. ఆ పోటీలో ఫ్రాన్స్ చేతిలో ఓడి బయటికొచ్చి, కెమెరా వైపు తిరిగి, తన దేశపు చిన్నపిల్లలతో మాట్లాడింది. నేను ఎల్లకాలం ఉండను, చివర్లో నవ్వాలంటే మొదట్లో ఏడవండి అని. మా అమ్మాయి ఆ వీడియో పది సార్లు చూసి ఉంటుంది.

జపాన్ కథ చెప్పకుండా ముందుకు పోలేను. 2011 మార్చి 11న సునామీ వచ్చింది, ఫుకుషిమా అణు కేంద్రం దెబ్బతింది. నాలుగు నెలలకే జర్మనీలో ప్రపంచ కప్. కోచ్ సాసాకి జర్మనీతో మ్యాచ్‌కి ముందు తన పిల్లలకి ఆ విధ్వంసం ఫోటోలు చూపించాడు. రెండు సార్లు విజేత అయిన జర్మనీని, వాళ్ళ గడ్డ మీదే, అదనపు సమయంలో ఒక్క గోలుతో ఓడించారు. ఆ గోలు కొట్టిన కరీనా మారుయామా ఒకప్పుడు ఆ ఫుకుషిమా అణు కేంద్రంలోనే ఉద్యోగం చేస్తూ ఆడినామె. ఫైనల్లో అమెరికా రెండు సార్లు ముందుకెళ్ళినా రెండు సార్లూ సమం చేశారు. రెండోది 117వ నిమిషంలో కెప్టెన్ హొమారే సావా కొట్టింది. పెనాల్టీల్లో కప్పు జపాన్‌ది. మరుసటి ఏడు లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళేటప్పుడు ఒకే విమానంలో జపాన్ కుర్రాళ్ళ జట్టు బిజినెస్ క్లాసులో కూర్చుంటే, ప్రపంచ విజేతలైన ఈ ఆడవాళ్ళని వెనక సీట్లలో కూర్చోబెట్టారు. ఫంక్షన్లలో మనం మొదటి పంక్తికి వడ్డించి ఆఖరి పంక్తిలో తినడం గుర్తొచ్చింది నాకు.

2015లో అమెరికా మళ్ళీ గెలిచింది. 2014లో మగవాళ్ళ కప్పు గెలిచిన జర్మనీకి ఫిఫా ఇచ్చింది 3 కోట్ల 50 లక్షల డాలర్లు. వీళ్ళకి 20 లక్షలు. లెక్క మీరే వేసుకోండి. 2019 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, అమెరికా జట్టులోని 28 మంది తమ దేశ సంఘం మీదే కోర్టుకెక్కారు. ఆ వేసవిలో ఫ్రాన్స్‌లో కప్పు మళ్ళీ వాళ్ళే గెలిచారు. ఫైనల్ కాగానే స్టేడియంలో జనం సమాన వేతనం కావాలని అరిచారు. చివరికి 2022లో 2 కోట్ల 40 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ తర్వాత కుదిరిన ఒప్పందంలో ఆ దేశపు మగ, ఆడ జట్లకి ప్రపంచ కప్పుల్లో వచ్చే డబ్బంతా ఒకచోట కలిపి సమానంగా పంచుకోవాలని రాసుకున్నారు. ఇది మగ ఆటగాళ్ళూ ఒప్పుకున్నారు. అది కూడా చెప్పాలి కదా.

2019లోనే జమైకా మొదటిసారి వచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందు ఆ దేశంలో డబ్బు లేక ఆడవాళ్ళ జట్టునే ఎత్తేశారు. గాయకుడు బాబ్ మార్లే కూతురు సెడెల్లా మార్లే కొడుకు ఒకరోజు బడి నుంచి చందా అడిగే కాగితం తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళ జట్టుకి సాయం చెయ్యమని. మన పిల్లల బ్యాగుల్లోంచి ఇలాంటివి ఎన్ని తీసి పక్కన పడేశామో! ఆవిడ పడెయ్యలేదు. డబ్బు కూడగట్టి జట్టుని నిలబెట్టింది. 2023లో ఆ జట్టు నాకౌట్ దాకా వెళ్ళింది.

ఇక 2023. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 32 జట్లు ఆడాయి. స్టేడియాలకి వచ్చినవాళ్ళు 19 లక్షల పైచిలుకు. మొరాకో అమ్మాయి నుహైలా బెంజినా హిజాబ్ వేసుకుని ఆడింది. ఈ పోటీలో అలా ఆడినవాళ్ళలో ఆమే మొదటిది. సిడ్నీ ఫైనల్లో స్పెయిన్ 1–0తో ఇంగ్లండ్‌ని ఓడించింది. గోలు కొట్టిన కెప్టెన్ ఓల్గా కార్మోనాకి తండ్రి పోయాడన్న కబురు మ్యాచ్ అయ్యాకే చెప్పారు. ఇంట్లో వాళ్ళు, ఆడనిద్దామని, అప్పటిదాకా దాచారు. ఆ ఇంట్లో ఆ రెండు రోజులూ ఫోను పట్టుకుని మామూలుగా మాట్లాడినవాళ్ళ గుండె ఎంత గట్టిదో నేను ఊహించలేకపోయాను.

ఆ గెలుపు వాళ్ళకి పూర్తిగా దక్కనివ్వలేదు కూడా. పతకాలు ఇచ్చే వేదిక మీద స్పెయిన్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్, జెన్నీ ఎర్మోసో తల పట్టుకుని పెదవుల మీద ముద్దు పెట్టాడు. నాకిష్టం లేదు అని ఆమె చెప్పింది. వారాల తరబడి ప్రపంచమంతా కప్పు మాట వదిలేసి దాని గురించే మాట్లాడింది. జట్టు ఆమె పక్కన నిలబడి, అతను దిగేదాకా ఆడమంది. అతను రాజీనామా చేశాడు. 2025లో కోర్టు అతన్ని లైంగిక దాడి కింద దోషిగా తేల్చి జరిమానా వేసింది. మ్యాచ్ చూస్తున్నప్పుడు మా అమ్మాయి ఆ క్షణం గమనించి “అమ్మా, అదేంటి?” అంది. నేను “ఏదో సంతోషంలోలే” అనేశాను. అలా అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మన దేశం ఈ కప్పులో ఇంతవరకు ఆడలేదు. కానీ 1980లో, 1983లో ఆసియా పోటీల్లో మన ఆడవాళ్ళు రెండో స్థానంలో నిలిచారంటే నమ్ముతారా? నేను నమ్మలేదు. ఆ జట్టులోని శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు వచ్చింది. తర్వాత పట్టించుకునేవాళ్ళు లేక వెనకబడ్డాం. 2022లో 17 ఏళ్ళలోపు బాలికల ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. మన పిల్లలు మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు, అమెరికా చేతిలో అయితే 8–0. ఆ జట్టు కెప్టెన్ అస్తమ్ ఒరావ్ జార్ఖండ్‌లో ఒక మారుమూల పల్లె పిల్ల. 2025 జులైలో మన పెద్ద జట్టు థాయిలాండ్‌ని వాళ్ళ దేశంలోనే 2–1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. మన తెలుగమ్మాయి కూడా దేశం తరఫున ఆడుతోంది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య. 2024–25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెనే ఎంపిక చేశారు. చుట్టాలు మళ్ళీ మొహం నల్లబడిందంటే ఈ పేరు చెప్పమని మా అమ్మాయికి నేర్పాను.

వచ్చే కప్పు 2027 జూన్ 24 నుంచి జులై 25 దాకా. ఎక్కడో తెలుసా? బ్రెజిల్‌లో. ఆడపిల్ల బంతి తన్నకూడదని చట్టం చేసిన దేశంలోనే. అప్పటికి మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. వాళ్ళ పగలు మనకి రాత్రి కాబట్టి మ్యాచ్‌లన్నీ నిద్రపోయే వేళకే పడతాయి. మావారు అప్పుడే “ఎంట్రన్సు పరీక్షల ఏడాది అది” అని ఒక మాట వేసి ఉంచారు. అత్తయ్యగారు మాత్రం మొన్న పిల్ల బూట్లు ఎండలో పెడుతూ, “ఆ నల్లపిల్ల మళ్ళీ ఆడుతుందా అందులో?” అని అడిగారు. మార్తా గురించి! ఆ వీడియో ఈవిడా చూసిందన్నమాట.